హాన్ చైనా: రైతుకు గౌరవం, వర్తకుడికి సంపద

చైనాను క్రీ.పూ. 206 నుంచి క్రీ.శ. 220 వరకు, నడుమ కొద్ది ఏళ్లు మినహా, హాన్ వంశం ఏలింది. ఆ కాలంలో జనాన్ని నాలుగు వృత్తులుగా లెక్కించేవారు. పైమెట్టు చదువుకున్నవారిది. తర్వాత వరుసగా రైతులు, చేతిపనివారు, చివరన వర్తకులు. చక్రవర్తి, రాజబంధువులు, ప్రభువులు ఈ లెక్కకు పైన ఉంటే, బానిసలు దీనికి వెలుపల ఉండేవారు. మన కులాల్లా పుట్టుకతోనే బిగుసుకుపోయిన వ్యవస్థ కాదిది. వంశాన్ని స్థాపించిన ల్యూ బాంగ్ స్వయంగా రైతు బిడ్డ.

చదువుకు పెద్దపీట వేసినవాడు వూ చక్రవర్తి. క్రీ.పూ. 124లో ఆయన రాజధానిలో తెరిచిన విద్యాలయం 50 మంది విద్యార్థులతో మొదలైంది. క్రీ.శ. రెండో శతాబ్దానికి వారి సంఖ్య 30 వేలకు చేరిందని చెబుతారు. అయితే పొలం పనులు వదిలి ఏళ్లకేళ్లు చదువుకునే వీలు కలిగిన ఇళ్లకే ఉండేది.

అన్నం పెట్టేవాడు, పన్ను కట్టేవాడు, యుద్ధానికి వెళ్లేవాడు రైతే కనుక రాజ్యం అతణ్ని వర్తకుడికన్నా మిన్నగా చూసింది. ల్యూ బాంగ్ వర్తకులు పట్టు కట్టకూడదని, బండ్లెక్కి తిరగకూడదని ఆజ్ఞాపించాడు. వాళ్ల తలపన్ను మామూలు వారికి రెట్టింపు. కానీ బతుకులో వరుస తిరగబడింది. ఆ సంగతిని క్రీ.పూ. రెండో శతాబ్దంలో చావో త్సువో అనే అధికారి చక్రవర్తికి నిర్మొహమాటంగా విన్నవించాడు. ఐదుగురున్న రైతు ఇంట్లో ఇద్దరు వెట్టికి పోవాల్సిందే. పన్ను గడువు ముంచుకొస్తే ధాన్యాన్ని సగం ధరకు తెగనమ్మాలి. అదీ లేకపోతే రెట్టింపు తీర్చే ఒప్పందం మీద అప్పు తేవాలి. చివరకు పొలం, ఇల్లు, కన్నబిడ్డలు కూడా అమ్ముడయ్యేవారు. ఆ ధాన్యాన్ని కొన్న వర్తకుడు మాత్రం పట్టు కట్టి, మాంసంతో భోంచేసేవాడు.

చేతిపనివారి గురించి రాతలు తక్కువ. ప్రభుత్వ కర్మాగారాల్లో చేసిన లక్క గిన్నెల మీద మాత్రం పనివాళ్ల పేర్లు, తనిఖీ అధికారుల పేర్లు వరుసగా చెక్కి ఉంటాయి. అలాంటి గిన్నెలు కొరియా సమాధుల్లోనూ దొరికాయి.

అప్పుల పాలై అమ్ముడైనవారు, నేరస్థుల కుటుంబాలు బానిసలయ్యేవి. క్రీ.పూ. 59లో వాంగ్ బావో అనే రచయిత హాస్యంగా రాసిన ఒక కొనుగోలు పత్రంలో వారి బతుకు కనిపిస్తుంది. సారా తెమ్మంటే, తనను కొన్నది యజమాని సమాధికి కాపలా ఉండటానికేనని ఒక బానిస ఎదురుచెప్పాడు. వాంగ్ బావో అతణ్ని 15,000 నాణేలకు కొని, తెల్లవారుజామున ఊడవడం మొదలు చెప్పులు అల్లడం దాకా చేయాల్సిన పనులన్నీ పత్రంలో రాసి చదివి వినిపించాడు. ఆ చిట్టా వింటూనే బానిస కన్నీళ్లు పెట్టుకున్నాడు. నవ్వు పుట్టించడానికి రాసిన ఆ పత్రమే నాటి బానిస చాకిరీకి నిలువెత్తు సాక్ష్యం.

అక్కడి నుంచి పైకి ఎదిగినవారూ లేకపోలేదు. దాసి కొడుకుగా పుట్టి గొర్రెలు కాసిన వే చింగ్, అక్క మహారాణి కావడంతోనూ, షియోంగ్ను సంచార తెగల మీద సాధించిన విజయాలతోనూ మహాసేనాని అయ్యాడు. ఒకప్పుడు తాను కొలువు చేసిన రాకుమారినే పెళ్లాడాడు.

క్రీ.శ. 9లో హాన్ వంశాన్ని తప్పించి గద్దెనెక్కిన వాంగ్ మాంగ్ భూముల, బానిసల క్రయవిక్రయాలను నిషేధించాడు. మూడేళ్లకే ఆ ఆజ్ఞను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. తర్వాతి కాలంలో పొలాలు పెద్ద కుటుంబాల చేతికి పోయాయి, సొంత రైతులెందరో వారి కౌలుదారులయ్యారు. క్రీ.శ. 184లో తలకు పసుపు గుడ్డలు చుట్టుకుని తిరగబడ్డవారిలో ఎక్కువమంది రైతులే.