లారెన్స్ స్టైన్‌బర్గ్: కౌమార మెదడు, దుడుకుతనంపై పరిశోధన

లారెన్స్ స్టైన్‌బర్గ్ (జననం 1952) అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త. 1988లో ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా చేరారు. పదేళ్ల వయసు నుంచి ఇరవైల మధ్య దాకా మెదడు ఎలా ఎదుగుతుంది, ఆ వయసువాళ్లు చేసే దుడుకు పనులకు ఆ ఎదుగుదలతో సంబంధం ఏమిటి అన్నవి ఆయన పరిశోధనకు కేంద్ర ప్రశ్నలు. ఆయన కృషి అంతటినీ కలిపే వాదం ఒకటుంది. టీనేజీ పిల్లలు ప్రమాదం తెలియక అందులోకి దిగడం లేదు. విడిగా కూర్చోబెట్టి అడిగితే దాని గురించి పెద్దవాళ్లంత చక్కగా చెప్పగలరు. ఉద్వేగం రేగినప్పుడు, తోటివాళ్లు చూస్తున్నప్పుడు మాత్రం ఆ తెలివి వాళ్ల చేతిలో నిలవదు. ఈ మాటను ఒప్పుకుంటే బడిలో చెప్పే జాగ్రత్తల పాఠం దగ్గర్నుంచి డ్రైవింగ్ లైసెన్సు నిబంధనలు, బాలనేరస్థులకు వేసే శిక్షల దాకా చాలావాటిని మళ్లీ ఆలోచించుకోవాల్సి వస్తుంది. అందుకే ఒక ప్రయోగశాలలో మొదలైన ఈ పని అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల దాకా వెళ్లింది.

చదువు, తొలి పరిశోధనలు

స్టైన్‌బర్గ్ 1974లో వాసర్ కళాశాలలో మనస్తత్వ శాస్త్రంలో డిగ్రీ, 1977లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందారు. టెంపుల్‌కు రాకముందు అర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోనూ, మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోనూ పాఠాలు చెప్పారు. ఆ తొలి దశలో ఆయన మెదడు జోలికి పోలేదు. శరీరం యవ్వనంలోకి అడుగుపెట్టే కాలంలో ఇంట్లో తల్లిదండ్రులకూ కొడుకులకూ మధ్య మాటల తీరు ఎలా మారుతుందో మొదట పరిశీలించారు. తర్వాత ఎలెన్ గ్రీన్‌బర్గర్‌తో కలిసి, బడి చదువుతో పాటు ఉద్యోగాలు చేసే పిల్లల మీద ఆ పని ప్రభావం ఎలా ఉంటుందో అధ్యయనం చేశారు. 1986లో వచ్చిన వాళ్ల పుస్తకం, చిన్న వయసులో ఎక్కువ గంటలు పనిచేస్తే బాధ్యత అలవడుతుందన్న నమ్మకాన్ని ప్రశ్నించింది. ఆపై విస్కాన్సిన్, కాలిఫోర్నియాల్లో సుమారు 20,000 మంది హైస్కూలు విద్యార్థులపై జరిగిన పెద్ద సర్వేలో పాల్గొన్నారు. పిల్లల చదువు మీద తల్లిదండ్రుల పెంపకం ప్రభావం ఎంత, స్నేహితుల ప్రభావం ఎంత అన్న లెక్క అందులో తేలింది. దాని ఆధారంగా రాసిన ‘బియాండ్ ద క్లాస్‌రూమ్’ 1996లో వెలువడింది. పిల్లల ప్రవర్తనను వాళ్ల చుట్టూ ఉన్న మనుషుల నుంచి విడదీసి చూడకూడదన్న పట్టుదల ఆయనకు ఇక్కడే ఏర్పడింది. తర్వాత మెదడు స్కాన్ల దాకా వెళ్లినా ఆ పట్టుదలను వదల్లేదు.

1990ల్లో ఎంఆర్‌ఐ యంత్రాలు ఈ రంగం రూపురేఖలు మార్చేశాయి. ఎక్స్‌రేల అవసరం, రేడియేషన్ భయం లేకుండా ఆరోగ్యంగా ఉన్న పిల్లల మెదడును ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూసే వీలు కలిగింది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జే గీడ్ బృందం 1999లో ఒక ముఖ్యమైన ఫలితం ప్రకటించింది. నుదుటి వెనుక ఉండే మెదడు భాగంలో బూడిదరంగు పదార్థం యవ్వనారంభం దాకా పెరిగి, అక్కడి నుంచి పలచబడుతుంది. తెల్ల పదార్థం, అంటే నాడీకణాల మధ్య సందేశాలు వేగంగా నడిపే తొడుగులున్న తంతువులు, ఇరవైల్లోకి కూడా పెరుగుతూనే ఉంటుంది. నాడీకణాల మధ్య వాడని సంధులు తొలగిపోవడం, వాడేవి బలపడడం ఈ మార్పుకు ముఖ్య కారణాలుగా శాస్త్రజ్ఞులు చెబుతారు. చిన్నతనంతోనే మెదడు ఎదుగుదల పూర్తవుతుందన్న పాత అభిప్రాయం దీంతో చెల్లకుండా పోయింది. అయితే ఈ మార్పులకూ రోడ్డు మీద, వీధిలో కనిపించే ప్రవర్తనకూ లంకె చూపాల్సిన పని మిగిలింది. స్టైన్‌బర్గ్ చేపట్టింది ఆ పనినే.

తోటివాళ్ల ఎదుట

2005లో మార్గో గార్డ్‌నర్‌తో కలిసి ఆయన ప్రచురించిన ప్రయోగం దీనికి పునాది. 306 మందిని మూడు వయసుల వారీగా తీసుకున్నారు: 13 నుంచి 16, 18 నుంచి 22, 24 దాటినవాళ్లు. అందరికీ ఒక వీడియో గేమ్ ఇచ్చారు. తెరమీద కారు వెళ్తుంటుంది, పచ్చలైటు పసుపులోకి మారుతుంది, ఎప్పుడో ఎర్రలైటు పడి ఎదురుగా గోడ లేస్తుంది. ఎంత దూరం పోనిస్తే అన్ని పాయింట్లు. గోడకు గుద్దితే అవి పోతాయి. కొందరు ఒంటరిగా ఆడారు, కొందరు తమ వయసువాళ్లు ఇద్దరు పక్కనుండగా ఆడారు. 24 దాటినవాళ్లకు పక్కన ఎవరున్నా ఆటలో తేడా రాలేదు. పదమూడు, పదహారు మధ్యవాళ్లు మాత్రం స్నేహితుల ఎదుట కారును చాలా ఎక్కువ దూరం పోనిచ్చారు. ఆటా అదే, నియమాలూ అవే, ఆడే పిల్లల తెలివీ అదే. మారింది చూసేవాళ్లు ఉండడం ఒక్కటే.

ఆ సమయంలో మెదడులో ఏం జరుగుతోందో చూడడానికి 2011లో జేసన్ చైన్ తదితరులతో కలిసి ఇలాంటి డ్రైవింగ్ ఆటనే స్కానర్‌లో ఆడించారు. స్నేహితులు పక్క గదిలో తెరమీద చూస్తున్నారని తెలిసినప్పుడు టీనేజర్లలో బహుమతి ఆశకు స్పందించే వెంట్రల్ స్ట్రయేటమ్ వంటి భాగాలు ఎక్కువ చురుగ్గా పనిచేశాయి. పెద్దవాళ్లలో ఆ తేడా కనిపించలేదు. 2014లో టెంపుల్ విశ్వవిద్యాలయంలోనే ఎలుకలపై జరిగిన పరీక్ష మరో మెట్టు. తోటి ఎలుకలు ఉన్నప్పుడు లేత వయసు ఎలుకలు ఒంటరిగా ఉన్నప్పటికన్నా ఎక్కువ మద్యం తాగాయి; ఎదిగినవాటిలో అలా జరగలేదు. ఎలుకలకు పరువు పోతుందన్న బెంగ ఉండదు, వాటిని రెచ్చగొట్టే మాటలూ ఉండవు. కాబట్టి తోటివాళ్లు బలవంతం చేయడం వల్లే పిల్లలు చెడుతున్నారన్న వివరణ ఒక్కటే చాలదు. తోటివాళ్లు ఉండడమే బహుమతి ఆకర్షణను పెంచుతోందని అనుకోవడానికి ఇది గట్టి ఆధారం.

ఈ ఫలితాలన్నిటినీ కలిపి స్టైన్‌బర్గ్ 2008లో ప్రతిపాదించిన వివరణకు ద్వంద్వ వ్యవస్థల నమూనా అని పేరు. దాదాపు ఇదే ఆలోచనను బి.జె. కేసీ కూడా విడిగా ముందుకు తెచ్చారు. యవ్వనారంభంతో పాటు డోపమైన్ వ్యవస్థలో వచ్చే మార్పుల వల్ల కొత్త అనుభవాల మీద, మెప్పు మీద మోజు ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ మోజును అదుపులో పెట్టే, నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ మాత్రం ఇరవైల మధ్య దాకా నింపాదిగా ఎదుగుతుంది. ఈ రెండిటి మధ్య ఎడం ఉన్న ఏళ్లే దుడుకుతనం పెచ్చుమీరే ఏళ్లు. అదుపు ఎంత నిదానంగా వస్తుందో ఒక చిన్న పరీక్షలో స్పష్టంగా కనిపిస్తుంది. రంగు బంతులను కొన్ని ఎత్తుల్లోనే ఇచ్చిన వరుసలోకి మార్చాలి. లెక్క కష్టమయ్యేకొద్దీ పెద్దవాళ్లు మొదటి బంతిని ముట్టుకునే ముందు ఎక్కువసేపు ఆగుతారు. చిన్నవాళ్లు కష్టమైనదానికీ అంతగా ఆగరు, వెంటనే చెయ్యి పెడతారు. పరిష్కారం కనుక్కునే శక్తి వాళ్లకు ఉంది. ఆగే అలవాటు ఇంకా కుదరలేదు.

కోర్టు మెట్ల మీద

1997 నుంచి పదేళ్ల పాటు స్టైన్‌బర్గ్ మెకార్థర్ ఫౌండేషన్ ఏర్పాటు చేసిన కౌమార వికాసం, బాలల న్యాయం పరిశోధన బృందానికి నాయకత్వం వహించారు. 2003లో న్యాయశాస్త్ర ఆచార్యురాలు ఎలిజబెత్ స్కాట్‌తో కలిసి రాసిన వ్యాసంలో ఆయన మూడు కారణాలు చూపారు. ఈ వయసులో నిర్ణయశక్తి పూర్తిగా పక్వం కాలేదు, తోటివాళ్ల ఒత్తిడికి లొంగడం ఎక్కువ, స్వభావం ఇంకా స్థిరపడలేదు. అందువల్ల తప్పు తప్పే అయినా, అదే తప్పు చేసిన పెద్దవాడికున్నంత దోషం వీళ్లకు లేదని వాళ్ల వాదం. 2005 మార్చి 1న రోపర్ వర్సెస్ సిమన్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 18 ఏళ్లలోపు చేసిన నేరానికి మరణశిక్ష వేయకూడదని 5-4 మెజారిటీతో తీర్పిచ్చింది. జస్టిస్ కెన్నెడీ రాసిన ఆ తీర్పు ఈ వ్యాసాన్ని ఉదహరించింది. 2010 నాటి గ్రాహం, 2012 నాటి మిల్లర్ తీర్పులు విడుదలకు ఆశ లేని యావజ్జీవ శిక్షల విషయంలో అదే దారిలో నడిచాయి.

ఇక్కడే ఈ వాదం మీద గట్టి దాడి జరిగింది. రోపర్ కేసులో అసమ్మతి తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా, ఆ కేసులో కోర్టుకు అభిప్రాయం తెలిపిన అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ రెండు నాలుకలతో మాట్లాడుతోందని ఎత్తిపొడిచారు. గర్భస్రావం విషయంలో టీనేజీ ఆడపిల్లలు సొంతంగా నిర్ణయించుకోగలరని గతంలో చెప్పిన సంస్థే, ఇప్పుడు హంతకుల విషయంలో ఆ వయసుకు పక్వత లేదంటోందన్నది ఆయన అభ్యంతరం. పైకి ఇది తిరుగులేని ప్రశ్నలాగే కనిపిస్తుంది. స్టైన్‌బర్గ్ బృందం 2009లో 10 నుంచి 30 ఏళ్ల మధ్య 935 మందిపై చేసిన పరీక్షలతో జవాబిచ్చింది. నింపాదిగా, సమాచారం ముందుంచుకుని తర్కించే శక్తి సుమారు 16 ఏళ్లకే పెద్దల స్థాయికి చేరుతుంది. ఉద్వేగాన్ని నిలువరించుకోవడం, రేపటిని తూచడం, తోటివాళ్లను కాదనడం వంటి గుణాలు ఆ తర్వాత కూడా పెరుగుతూనే ఉంటాయి. వైద్యుడితో మాట్లాడి, కొన్నాళ్లు ఆలోచించుకుని తీసుకునే నిర్ణయం మొదటి కోవలోది. నలుగురు కుర్రాళ్లు కలిసి రాత్రిపూట ఒక దుకాణంలో జొరబడడం రెండో కోవలోది. రెండిటికీ ఒకే వయసు గీత గీయాలని పట్టుబట్టడమే అశాస్త్రీయం. 16 ఏళ్లకే ఓటుహక్కు ఇవ్వాలని స్టైన్‌బర్గ్ వాదించడం కూడా ఇదే తర్కం మీద ఆధారపడింది. తన సిద్ధాంతం పిల్లల హక్కులను తగ్గించే చోటే కాదు, పెంచే చోటా ఆయన దానికి కట్టుబడ్డారు. ఆయన మాటను నమ్మడానికి ఇది ఒక మంచి కారణం.

అభ్యంతరాలు

బూడిదరంగు, తెల్లరంగు చిత్రాలు చూపించి కోర్టులను మెప్పిస్తున్నారన్నది ఒక విమర్శ. పైన చెప్పిన స్కానర్ ప్రయోగంలో పాల్గొన్నది నలభై మందే. మెదడులో ఒక భాగం వెలిగినంత మాత్రాన మనసులో ఏం జరిగిందో తేల్చలేమన్నదీ నిజమే. కొన్ని తర్వాతి ప్రయోగాల్లో తోటివాళ్ల ప్రభావం అంత స్పష్టంగా కనిపించలేదు కూడా. అయితే వాదనకు ప్రధాన ఆధారం స్కాన్లు కావు. ప్రవర్తన మీద జరిగిన పరీక్షలు, ఎన్నో దేశాల్లో నేరాలూ వాహన ప్రమాదాలూ పదిహేడు, ఇరవైల దగ్గర గుమిగూడడం ముందునుంచీ ఉన్న సాక్ష్యాలు. రోపర్ తీర్పు నిలబడింది కూడా ప్రవర్తన సాక్ష్యం మీదే. మెదడు చిత్రాలు ఆ సాక్ష్యానికి కారణాన్ని సూచిస్తాయి. అవి లేకపోయినా ఆ సాక్ష్యం చెల్లుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. 2015లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ, ప్రయోగశాల ఆటల్లో చిన్నపిల్లలు కూడా టీనేజర్లంత రిస్కు తీసుకుంటున్నారని చూపింది. డేనియల్ రోమర్ వంటివాళ్లు, టీనేజీ పిల్లల్లో చాలామంది పెద్ద ప్రమాదాల్లోకి దిగనే దిగరని, కనిపించే దుడుకుతనంలో ఎక్కువ భాగం అనుభవం సంపాదించుకునే క్రమమేనని అంటారు. ఇందులో నిజం ఉంది. అదుపులేని ఇంజన్‌లా పిల్లల మెదడును వర్ణించే పోలిక ఆ నిజాన్ని కప్పేస్తుంది. కానీ ఈ విమర్శ స్టైన్‌బర్గ్ మూల వాదాన్ని కూలదోయదు, పదును పెడుతుంది. తొమ్మిదేళ్ల పిల్లాడికి బండి తాళాలు దొరకవు, రాత్రి బయట తిరిగే అనుమతి ఉండదు. అవకాశం, గుంపు, మోజు మూడూ ఒకచోట చేరేది టీనేజీలోనే. అందుకే సందర్భాన్ని మార్చాలన్న ఆయన సలహాకు బలం పెరుగుతుంది.

ఇదంతా అమెరికా పిల్లల సంగతి, మనకు వర్తించదన్నది మూడో మాట. దీన్ని తేల్చడానికే ఆయన బృందం భారత్, చైనా, కెన్యా, కొలంబియా, జోర్డాన్ సహా 11 దేశాల్లో 10 నుంచి 30 ఏళ్ల మధ్య ఐదు వేల మందికి పైగా పరీక్షించి 2018లో ఫలితాలు వెల్లడించింది. కొత్త అనుభవాల మీద మోజు 19 ఏళ్ల దగ్గర అత్యధిక స్థాయికి చేరి తగ్గడం, ఆత్మనియంత్రణ 23, 26 మధ్య స్థిరపడడం మొత్తం మీద కనిపించాయి. నిజజీవితంలో ఎంత రిస్కు తీసుకుంటారన్నది మాత్రం దేశాన్ని బట్టి బాగా మారింది. మొగ్గు అంతటా ఉన్నా అది కార్యరూపం దాల్చడం సమాజం ఇచ్చే వెసులుబాటు మీద ఆధారపడుతుంది.

పర్యవసానాలు

ప్రమాదాల గురించి మరింత సమాచారం చెప్పడం వల్ల పెద్దగా ఒరిగేది లేదన్నది ఈ పరిశోధన నుంచి వచ్చే మొదటి పాఠం. అమెరికాలో బడుల్లో విస్తారంగా నడిచిన మాదకద్రవ్య వ్యతిరేక పాఠాల కార్యక్రమం డేర్ అంతంతమాత్రపు ఫలితాలే ఇవ్వడం దీనికి సరిపోతుంది. కొత్తగా లైసెన్సు పొందిన టీనేజర్లు తోటి వయసువాళ్లను కారులో ఎక్కించుకోకూడదన్న నియమాలు మాత్రం ప్రాణాలు కాపాడుతున్నాయి. 2016లో ప్రచురితమైన టెంపుల్ అధ్యయనంలో, 18-22 ఏళ్ల యువకుల గుంపులో కాస్త పెద్ద వయసువాడిని ఒక్కడిని చేర్చితే చాలు, వాళ్లు ఒంటరిగా ఉన్నప్పుడంత జాగ్రత్తగా నిర్ణయించారు. ఈ కాలంలో మెదడు చుట్టూ ఉన్నవాటిని ఇంతగా గ్రహిస్తుందంటే, మంచి గురువు, మంచి జట్టు, ఓపిక పట్టే ఇల్లు వేసే ముద్ర కూడా అంత లోతుగా ఉంటుంది. 2014 నాటి ‘ఏజ్ ఆఫ్ ఆపర్చునిటీ’ పుస్తకంలో ఆయన నొక్కి చెప్పింది ఈ ఆశనే.

భారతదేశంలో ఈ చర్చ నేరుగా చట్టం దగ్గర తగులుతుంది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం, 16 నుంచి 18 ఏళ్ల మధ్యవారిపై ఘోర నేరారోపణ వస్తే, వాళ్లను పెద్దవాళ్లలా విచారించాలా అన్నదానిపై బాలల న్యాయ మండలి ప్రాథమిక అంచనా వేస్తుంది. 15వ సెక్షన్ ఆ అంచనాలో నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యాన్ని, పర్యవసానాలు అర్థం చేసుకునే శక్తిని, నేరం జరిగిన పరిస్థితులను చూడమంటుంది. మండలిలో పిల్లల మనస్తత్వ నిపుణులు లేకపోతే బయటి నిపుణుల సాయం తప్పనిసరిగా తీసుకోవాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. స్టైన్‌బర్గ్ పరిశోధనను బట్టి చూస్తే మొదటి రెండు ప్రశ్నలు దాదాపు వృథా. పదహారేళ్లవాడు పర్యవసానాలు అర్థం చేసుకోగలడు; ప్రశాంతంగా ఉన్న గదిలో, నెలల తర్వాత, నిపుణుడి ఎదుట అడిగితే తప్పక చెబుతాడు. ఆ జవాబు నేరం జరిగిన క్షణంలో అతను తనను తాను అదుపు చేసుకోగలిగాడా అన్న సంగతి చెప్పదు. ఆ వివరం దొరికేది మూడో ప్రశ్నలో: పక్కన ఎవరున్నారు, ఎవరు నడిపించారు, ఎంతసేపట్లో జరిగింది.

బాధితుల పక్షం నుంచి వచ్చే ప్రశ్నను తోసిపుచ్చకూడదు. నష్టపోయినవాళ్ల బాధ నేరస్థుడి వయసును బట్టి తగ్గదు. అయితే దోషం తగ్గడం అంటే దోషం లేకపోవడం కాదు. శిక్ష ఉండాలి, అది మనిషి మారే అవకాశాన్ని కొట్టేయనిదై ఉండాలి. ఫిలడెల్ఫియా, ఫీనిక్స్ నగరాల్లో తీవ్ర నేరాలు చేసిన 1,354 మంది టీనేజర్లను ఏడేళ్ల పాటు వెంబడించిన అధ్యయనంలో స్టైన్‌బర్గ్ భాగస్వామి. వాళ్లలో ఎక్కువ స్థాయిలో నేరాలు కొనసాగించినవాళ్లు పదింట ఒక వంతుకు మించలేదు. మిగతావాళ్లలో ఎక్కువమంది వయసుతో, స్థిరత్వంతో దారిలో పడ్డారు. ఎవరు మారతారో పదిహేడేళ్లప్పుడే తేల్చగలమనుకుని తలుపులు మూసే చట్టం ఈ సాక్ష్యానికి ఎదురు నడుస్తుంది. మూడో ప్రశ్నకు ఎక్కువ విలువిచ్చే మండళ్లు, కొత్తగా బండి పట్టే పిల్లల వెనుక ఎవరు కూర్చుంటున్నారో పట్టించుకునే ఇళ్లు ఉన్నప్పుడే ఈ పరిశోధన ప్రయోజనం జనానికి అందుతుంది.