బొగ్గు బస్సులూ, తారు లెక్కా

బస్సు వెనకాల నిలువుగా ఓ పెద్ద పీపా, పక్కనే చెమటలు కక్కుతూ చక్రం తిప్పే క్లీనరు. రెండో ప్రపంచ యుద్ధకాలపు బొగ్గు బస్సుల గురించి తాతలు చెప్పగా విన్నవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. అవి రైలింజన్లలా ఆవిరితో నడిచేవని కొందరనుకుంటారు. కాదండీ, ఇంజను మామూలు పెట్రోలు ఇంజనే. పీపాలో జరిగేది గాసిఫికేషన్.

కట్టెకి గాలి సరిపడా అందితే మండి బూడిదవుతుంది. అరకొరగా అందిస్తే, మంటలో పుట్టిన కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి ఎర్రటి బొగ్గుల మీదుగా పోతూ కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్లుగా మారతాయి. రెండూ మండేవే. సుమారు 3 కిలోల కట్టె ఒక లీటరు పెట్రోలు పని చేస్తుంది.

చిక్కల్లా తారుతోనే. కట్టె వేడెక్కగానే వచ్చే ఆ జిగట పొగ చల్లారితే ఇంజను వాల్వులు పట్టేస్తాయి. 1920లలో జార్జెస్ ఇంబెర్ అనే ఫ్రెంచి ఇంజనీరు వాయువుని కిందికి లాగి, ఇరుకైన మెడలాంటి దారిలో నిప్పుల గుండా పంపాడు. ఆ వేడికి తారు చాలావరకు విరిగిపోయేది. యుద్ధం ముగిసేనాటికి జర్మనీలో ఇలాంటి గాసు బండ్లు దాదాపు 5 లక్షలు! మన బస్సులది ఇంకో దారి: కట్టె బదులు బొగ్గు. తారు బట్టీలోనే పోయేది, దాంతోపాటు కట్టెలోని శక్తి కూడా చాలావరకు అక్కడే పోయేది. పెట్రోలు మళ్ళీ దొరకగానే అందరూ వీటిని వదిలేశారు.

1973 చమురు సంక్షోభం తర్వాత మళ్ళీ కదలిక వచ్చింది. 1988లో బెంగుళూరు ఐఐఎస్సీ వాళ్ళు కర్ణాటకలోని హోసహళ్ళిలో గాసిఫయర్‌తో దీపాలు వెలిగించారు. కంప్యూటర్ మోడళ్ళూ వచ్చాయి. వాటిలో తేలికైనది సమతాస్థితి మోడల్. మలేషియాలో జైనల్ బృందం 2001లో ప్రచురించింది ఈ కోవదే. కట్టెలో ఏముందో, తేమ ఎంతో ఇస్తే నాలుగైదు సమీకరణాలతో ఏ వాయువు ఎంత వస్తుందో చెబుతుంది.

కానీ, ప్రతి చర్యకీ కావలసినంత సమయం ఉందని దాని నమ్మకం. అంత సమయముంటే తారే మిగలదు! అసలు తారు మిగిలేదే సమయం చాలక. అంటే ఈ మోడల్ గాసు ఎంత వస్తుందో చెబుతుంది గానీ, ఇంజను బతుకుతుందో లేదో చెప్పదు. దానికి చర్యల వేగం, కట్టెముక్క సైజు, ఆ మెడ వెడల్పు అన్నీ లెక్కలోకి రావాలి.

అందుకే ఎవరైనా గాసిఫయర్ మోడల్ చూపించి ఇంత శాతం సామర్థ్యం అంటే, మొదట అడగాల్సింది ఒక్కటే: మరి తారు లెక్కేదండీ?