కోనసీమ పచ్చదనము – దాని పూర్వోత్తరములు

సంఘముల చరిత్రను, దేవాలయముల చరిత్రను, పాఠశాలల, వైద్యశాలల చరిత్రను వ్రాయుటకు ఈ శతాబ్ది సంచికలో సమర్థులైన పెద్దలు ఉన్నారు. ఆ సంఘములు నిలిచియున్న నేలను గూర్చి కూడ నాలుగు మాటలు ఉండవలెనని తలంచి మేము ఈ వ్యాసమునకు పూనుకొన్నాము. మా పరిచర్య కాలములో అధిక భాగము గోదావరి మధ్య డెల్టాలో, అనగా కోనసీమలో గడచినది. కనుక ఆ సీమను గూర్చియే వ్రాయుచున్నాము.

తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, దక్షిణమున బంగాళాఖాతము. ఈ మూడింటి నడుమ ముక్కోణపు ఆకారములో ఉన్న భూమి కోనసీమ. వసిష్ఠ నుండి చీలిన వైనతేయ ఈ ముక్కోణమును మరల రెండుగా విడదీసి, రాజోలు ప్రక్కను అమలాపురము ప్రక్క నుండి వేరుచేయుచున్నది. 2022లో ఈ సీమ డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరిట ప్రత్యేక జిల్లా అయినది. ఇక్కడ కొండ లేదు, గుట్ట లేదు, రాతి నేల లేదు. దేవాలయమునకు పునాది వేయదలచిన సంఘము రాతిని ఏరు దాటించి తెచ్చుకొనవలసినదే. నేల అంతయు నది తెచ్చి పరచిన ఒండ్రు.

రావులపాలెము వద్ద గౌతమి వంతెన దిగి, కాలువ గట్టు వెంట దక్షిణమునకు సాగువారికి మొదట అరటి తోటలు, వాటి మీదుగా కొబ్బరి తలలు, ఆ వెనుక వరిచేలు కనబడును. కాలువకు నీరు విడిచిన పిదప ఆకుమళ్ళు చిలుకపచ్చగా లేచును. ఊడ్పులు ముగిసి మొక్క నిలదొక్కుకొనగానే ఆ పచ్చదనము ముదురును. దసరా దాటిన తరువాత చేను ఈని, కంకి బరువుకు వంగి, క్రిస్మస్ నాటికి చాల చోట్ల కోతలు ముగిసి గడ్డిమేట్లు లేచియుండును. సార్వా కోసిన చేలలోనే మరల దాళ్వాకు ఆకుమడి సిద్ధమగును. ఇంకను క్రిందికి, అల్లవరము, ఉప్పలగుప్తము, సఖినేటిపల్లి వైపునకు పోయినచో నేల రంగు మారును. ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు, ఉప్పదనము గల పర్ర భూములు, గాలిలో సముద్రపు వాసన. ముప్పది నలువది మైళ్ళ దూరములో ఇన్ని నేలలు చూపు సీమ మన రాష్ట్రములో అరుదు.

ఈ సౌందర్యమును కవులు పాడినారు, సినిమాలవారు చిత్రించినారు. వారిపై మాకు ఫిర్యాదు లేదు గాని, వారిలో అనేకులు దీనిని అనాదిగా ఉన్న ప్రకృతి వరముగా వర్ణించుట మాత్రము చరిత్రకు సరిపడదు. నేటి పచ్చదనము వయస్సు నూట డెబ్బది సంవత్సరములు దాటి ఎంతో కాలము కాలేదు.

అంతకు పూర్వము గోదావరి ఈ నేల ప్రక్కనే పారి సముద్రములో కలియుచుండెను; చేలు వాన కొరకు ఆకాశము వైపు చూచుచుండెను. 1832–33లో వచ్చిన డొక్కల కరువు గుంటూరు ప్రాంతమునే గాక ఈ జిల్లాను కూడ పీడించినది. 1839 నవంబరులో వచ్చిన తుఫాను ఉప్పెన కోరంగి రేవును తుడిచివేసినది. నాటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు. 1841 నాటికి అది సుమారు 5 లక్షల 61 వేలకు పడిపోయినది. ఇరువది సంవత్సరములలో నలుగురిలో ఒకరు లేకుండ పోయిరన్నమాట. కొందరు మరణించిరి, కొందరు వలస పోయిరి. నది నిండుగ పారుచుండగా దాని ఒడ్డున మనుష్యులు ఆకలితో చనిపోవుట కంటె విపరీతము ఏమున్నది?

ఈ దుస్థితిని విచారించుటకు ప్రభుత్వము హెన్రీ మాంట్‌గోమరీ దొరను పంపినది. పిమ్మట ఆర్థర్ కాటన్ వచ్చెను. కాటన్ అప్పటికే తంజావూరు సీమలో కొల్లిడము నదిపై కట్టడములు నిర్మించినవాడు. ఇసుక పునాదిపై నదికి అడ్డుకట్ట వేయుట సాధ్యమని కావేరిపై చోళులు కట్టిన కల్లణై ఆతనికి నేర్పినది. ఈ మాట తరచుగా మరువబడుచున్నది గనుక వ్రాయుచున్నాము: దొర తెచ్చిన విద్యలో మన దక్షిణదేశపు పాత విద్య కొంత ఉన్నది.

1847లో ధవళేశ్వరము వద్ద పని ప్రారంభమై 1852లో ముగిసినది. నదిలోని లంకలను ఆధారముగ చేసికొని ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అని నాలుగు భాగములుగా ఆనకట్టను కట్టిరి. కట్టుబడి పొడవు రెండుంబావు మైళ్ళు. రాతిని ధవళేశ్వరపు కొండ నుండియే త్రవ్విరి. కాటన్‌కు కుడిభుజముగా నిలిచిన వీణం వీరన్న పేరును కూడ ఈ సీమ మరువరాదు. ఆ పాత ఆనకట్ట స్థానములో 1982లో పూర్తియైన బ్యారేజికి కాటన్ పేరు పెట్టిరి. ఆయన విగ్రహములు డెల్టా గ్రామములలో అనేకము కలవు. అది న్యాయమే. అయితే రాయి కొట్టినవారికి, తట్టలతో మట్టి మోసి కాలువ గట్లు పోసినవారికి ఎక్కడను విగ్రహము లేదు. వారు వేలమంది.

కాలువ త్రవ్వినంత మాత్రమున పని ముగియలేదు. నాడు నగరము దీవి అని పిలువబడిన రాజోలు ప్రక్కకు నీరు పోవలెనన్నచో వైనతేయ అడ్డము వచ్చినది. కావున నదిపై నదిని నడిపించిరి. గన్నవరము వద్ద హేగ్ అను ఇంజనీరు 49 ఖానాల అక్విడక్టును కట్టించెను. దానికి బదులుగా ఇటీవల, 2000లో, క్రొత్త అక్విడక్టు నిర్మింపబడినది. దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఆ లంకల గన్నవరములోనే వేళగాని వేళ వచ్చిన బాటసారికి సైతము అన్నము పెట్టిన తల్లి ఆమె. మంత్రుల పేర్లు, అధికారుల పేర్లు పెట్టు అలవాటుగల మన దేశములో ఇంత ఉచితమైన నామకరణము మేము మరొకటి ఎరుగము.

ఇక ఈ నేల యొక్క అసలు స్వభావమునకు వత్తము. నది వరద వచ్చినప్పుడెల్ల తన ఒడ్డుననే ఎక్కువ ఒండ్రు విడుచును. దూరము పోయిన కొలది తక్కువ విడుచును. అందుచేత డెల్టాలో నది ఒడ్డు ఎత్తు, లోపలి నేల పల్లము. కాలువలను ఎత్తు వెంబడి తీసికొనిపోయి, పంట బోదెల ద్వారా పల్లమునకు నీరు దింపుదురు. దిగిన నీరు, దానితో వాన నీరు, మరల ఎక్కడికైన పోవలెను గదా! అందుకు పల్లము వెంబడి మురుగు కాలువలు ఉన్నవి. కౌశిక, శంకరగుప్తము మొదలైన డ్రెయిన్లు ఇటువంటివి. చేనికి నీరు వచ్చు తూము ఎంత అవసరమో, నీరు పోవు దారి అంత అవసరము. లొల్ల లాకుల వద్ద నీరు చీలి గలగల పారుచుండగా చూచి ఆనందించువారు ఉన్నారు గాని, మురుగు కాలువను చూడబోవువారు ఎవరు? ప్రభుత్వముల చూపు కూడ చిరకాలము కాలువల మీదనే నిలిచినది. 1960వ దశకములో మిత్ర కమిటీ డెల్టా మురుగు సమస్యను పరిశీలించినది. 1968లో మురుగు పారుదల సెస్సు చట్టము వచ్చినది. కాలువలకు నీరు వచ్చి అప్పటికే నూరు సంవత్సరములు దాటినది.

ఇచ్చట మన సంఘముల చరిత్ర కూడ ఈ నేల చరిత్రతో కలియుచున్నది. మేము పరిచర్య చేసిన గ్రామములలో పెద్ద వీధులు మెరక మీద, కాలువ ప్రక్కన ఉన్నవి. మన పేటలు పల్లములో, మురుగు కాలువ గట్టున ఉన్నవి. ఎవరు ఎక్కడ ఇల్లు కట్టుకొనవలెనో నిర్ణయించినది నది కాదు, మనుష్యులు. పూర్వము సువార్తికులు కాలువ పడవలలో వచ్చి, రేవులో దిగి, చేల గట్ల మీదుగా నడచి ఈ పేటలకు చేరెడివారు. పడవలను గట్టు మీద నుండి మోకులతో లాగిన కూలీలు కూడ మన పేటలవారే కొందరు. కాలువ గట్టు నుండి చూచినచో కోనసీమ చిత్రపటము. మురుగు గట్టు నుండి చూచినచో అదే కోనసీమ, గాని ముసురు పట్టిన మూడవ నాడు నీరు గుమ్మము ఎక్కు కోనసీమ. 1996 నవంబరు 6వ తేదీ తుఫానులో కొబ్బరి తోటలు కూలినప్పుడు దేశమంతయు ఈ సీమను గూర్చి మాటలాడినది. ఏటేటా పేటలలో నిలుచు నీరు వార్త కాదు.

ఊడ్పుల కాలములో ఆదివారపు ఉదయారాధనకు స్త్రీలు తక్కువగా వత్తురు. సాయంకాల కూటమునకు వచ్చినవారి కాలివ్రేళ్ళ నడుమ మట్టి ఆరి ఉండును. వంగి, వెనుకకు నడచుచు, చేను అంతయు ఒక్కొక్క మొక్కగా నాటువారు వారే. ఈ సీమకు పచ్చ రంగు వేయుచున్నది ఎవరని అడిగినచో మేము ముందుగా వారిని చూపుదుము. కోతపండుగ నాడు బలిపీఠము ముందు వరిపనలు, గుమ్మడికాయలు, కొబ్బరి గెలలు, కోళ్ళు నిండును. ఆ పనలలో అనేకము సొంత చేని పనలు కావు; కూలికి వచ్చినవి, లేక కౌలు చెల్లించగా మిగిలినవి. వేలముపాటలో ఆ పనను పాడుకొను పెద్దలు ఈ సంగతి ఎరిగి పాడుదురు గాక.

2011 సార్వాకు కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించి చేలను బీడు పెట్టిరి. గిట్టుబాటు ధర లేకపోవుటతో పాటు మురుగు నీరు పోకపోవుట కూడ వారు చెప్పిన కారణములలో ఒకటి. ప్రభుత్వము మోహన్ కందా కమిటీని నియమించినది. రైతుల బాధ నిజమైనదే. అయితే ఆ యేడు ఊడ్పు లేనందున పేటలలో పొయ్యి వెలుగుట ఎంత కష్టమైనదో ఆ చర్చలలో తగినంత వినబడలేదని మా అభిప్రాయము. అటు పిమ్మట పల్లపు చేలు అనేకము రొయ్యల చెరువులు, చేపల చెరువులు అయినవి. చెరువుకు నాటుకూలీ అక్కరలేదు. దాని ఉప్పునీరు ప్రక్క చేనిలోనికి ఊరును. డ్రెయిన్లలో గుర్రపుడెక్క అల్లుకొని, పూడిక పేరుకొని, నీరు నడువదు.

నీరు సముద్రమునకు పోవు దారి మూసికొనినచో సముద్రము లోపలికి వచ్చును. ఇటీవలి సంవత్సరములలో శంకరగుప్తము డ్రెయిను వెంబడి ఉప్పునీరు ఎదురెక్కి, కేశనపల్లి పరిసరములలో వేలాది కొబ్బరిచెట్లు తలలు రాలి మోడులైనవి. దూరము నుండి చూచువారికి అవి నేలలో నాటిన స్తంభములవలె కనబడును.

పెద్ద వానలు కురిసినప్పుడు తీరగ్రామములవారు పలుగులు, పారలు పట్టుకొని, ఇసుక మేటవేసిన మొగల యొద్దకు పోవుదురు. పోటు తగ్గి పాటు మొదలగు వేళకు ఇసుకను త్రవ్వి దారి తీయుదురు. సన్నని పాయగా మొదలైన నీరు ఇసుకను కోసికొనుచు వెడల్పగును. పైన పది పండ్రెండు మైళ్ళ దూరములోని పేటలలో గుమ్మముల యొద్ద నీరు తీయుట మరునాటికి గాని తెలియదు.