ఎప్పుడు, ఎంత

మైక్రోస్కోపు మీదికి వంగండి. ఈ కాసేపు మీరు షిర్లీ టిల్‌మన్. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఇది మీ ల్యాబ్. పక్కన మీ పరిశోధక విద్యార్థిని మేరీ బ్రంకోవ్. ఎదురుగా అప్పుడే ఫలదీకరణం చెందిన ఎలుక అండం. సన్నటి గాజు సూదిలోంచి హెచ్19 అనే జన్యువు ప్రతులు అదనంగా అందులోకి ఎక్కుతున్నాయి.

పిండంలో ఈ జన్యువు కుప్పలుగా ఆర్‌ఎన్‌ఏ తయారుచేస్తుంది. ప్రొటీన్ మాత్రం రాదు. మరి దీనితో పనేమిటి? మోతాదు పెంచి చూస్తే తెలుస్తుందేమో.

అండాలు తల్లి ఎలుక కడుపులోకి చేరాయి. రోజులు లెక్కపెడుతున్నారు. పద్నాలుగో రోజు దాటింది. కడుపు తెరిచారు. ఒక పిండం కదలదు. ఇంకోటీ అంతే. చనిపోయాయి. అదనపు జన్యువు మోసినవే పోయాయి.

అది విషం కాదు. ప్రతి ఎలుకలోనూ ఉన్నదే. మోతాదు మించింది.

ఇక్కడితో ఆపుతారా? ఆపరు. 1991లో పరిశోధకురాలు మారిసా బార్టొలొమేయితో కలిసి మీ ల్యాబ్ ఇంకో సంగతి పట్టుకుంటుంది. హెచ్19లో తల్లి నుంచి వచ్చిన ప్రతే పనిచేస్తోంది. తండ్రిది మూగగా ఉంది. ఏది పలకాలో, ఏది ఊరుకోవాలో పుట్టకముందే ముద్ర పడిపోయింది.

2001. ప్రిన్స్‌టన్ అధ్యక్ష పదవికి మనిషిని వెతికే కమిటీలో కూర్చున్నారు. తోటి సభ్యుల చూపు మీ మీదే ఆగింది. మీరే ఎందుకు కాకూడదు? ఒప్పుకుంటే కమిటీ వదలాలి. ల్యాబ్ దూరమవుతుంది. కాదంటే? 1746లో పుట్టిన ఈ విశ్వవిద్యాలయానికి ఇప్పటిదాకా మహిళా అధ్యక్షురాలే లేదు. నిర్ణయం మీదే. లేచారు. సరేనన్నారు.

ఇప్పుడు మీ ముందున్నవి యువ అధ్యాపకుల బతుకులు. కొన్నేళ్లలోగా సత్తా చూపిస్తేనే వాళ్ల ఉద్యోగం పర్మనెంట్. సరిగ్గా ఆ ఏళ్లలోనే పిల్లలు పుడతారు. ఏడాది గడువు అడిగి తీసుకోవచ్చు. అడిగితే పనిమీద శ్రద్ధ లేదనుకుంటారేమోనని భయం. ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా పెంచుతూ ల్యాబ్ నడిపిన మీకు ఆ ఏళ్ల బరువు తెలుసు.

2005. నిబంధన మారింది. బిడ్డ పుడితే తల్లికైనా తండ్రికైనా అడగకుండానే ఏడాది గడువు కలుస్తుంది.

ఏ జన్యువు ఎప్పుడు, ఎంత పనిచేస్తుందన్నదాని మీదే పిండం బతుకు ఆధారపడుతుంది. పైకి రావాల్సిన మనిషికీ సమయం అందాల్సినప్పుడే అందాలి. రేపు ఎవరి గడువో నిర్ణయించే అధికారం మీ చేతికీ వస్తుంది. వాళ్లు అడిగేదాకా ఆగకండి.