గుల్లల వంశచరిత్ర

1859లో డార్విన్ "జాతుల పుట్టుక" రాసినప్పుడు ఆయన్ని బాగా ఇబ్బంది పెట్టిన సాక్షులు శిలాజాలే. ఒక జాతి మెల్లమెల్లగా మరో జాతిగా మారుతుందంటే ఆ మధ్య మెట్లు రాళ్ళలో కనిపించాలి కదా? కనిపించలేదు. భూమి రాసుకున్న పుస్తకంలో చాలా పేజీలు పోయాయని ఆయన సమాధానం చెప్పుకున్నాడు. ఆ మాట నిజమే కాని, వినడానికి సంజాయిషీలా ఉంటుంది. పేజీలు పెద్దగా చిరగని పుస్తకం ఒకటి ఉందనీ, అది సముద్రం అడుగున ఉందనీ తెలిసి, దాన్ని చదవడం నేర్చుకునే సరికి వందేళ్ళు దాటిపోయాయి.

నేను వాల్తేరులో జియాలజీ చదివి, ఈ దేశం వచ్చాక చాలా ఏళ్ళు చమురు బావుల మట్టిలో ఫొరామినిఫెరా అనే గుల్లలు లెక్కపెట్టి పొట్టపోసుకున్నవాణ్ణి. "ఇసక లెక్కపెట్టే ఉద్యోగం" అనేది మా ఆవిడ. నోరు తిరగని పేరు కనక ఫోరాం అందాం. ఇవి ఒకే ఒక్క కణం ఉన్న జీవులు. వీటిలో కొన్ని జాతులు నీళ్ళలో తేలుతూ బతుకుతాయి. ఒంటి చుట్టూ సున్నంతో గుల్ల కట్టుకుంటాయి. పెరిగే కొద్దీ పాత గదిని పడగొట్టకుండా దాని పక్కనే మరో గది వేసుకుంటాయి, మన పల్లెల్లో కొడుక్కి పెళ్ళి కుదిరితే పాత ఇంటికి ఆనించి కొత్త గది వేసినట్టు. అందుకని పెద్ద గుల్లని కోసి చూస్తే దాని బాల్యం కూడా లోపలే ఉంటుంది. చచ్చాక గుల్ల అడుగుకి రాలుతుంది. వెయ్యేళ్ళకి ఒకటి రెండు సెంటీమీటర్ల చొప్పున పేరుకున్న ఆ మెత్తటి బురదలోకి గొట్టం దింపి పైకి లాగితే లక్షల ఏళ్ళు వరసగా చేతికొస్తాయి. చెంచాడు బురదలో వందల గుల్లలు! డైనోసార్ల వాళ్ళకి ఈ భాగ్యం లేదు. పాపం, ఒక్క దవడ ఎముక దొరికితే దాని మీదే జీవితం గడిపేస్తారు.

ఈ గుల్లలు రాజమండ్రి దగ్గర నల్లరాతి క్వారీల్లో, రెండు లావా పొరల మధ్య ఇరుక్కున్న సముద్రపు మట్టిలో కూడా ఉన్నాయి. గెర్టా కెల్లర్ బృందం 2008లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, అవి డైనోసార్లు అంతరించిన వెంటనే, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట తలెత్తిన బుల్లి జాతులు. అంతకు ముందరి పెద్ద పెద్ద నగిషీల గుల్లలు అక్కడ లేవు. కింది లావా ఏ కాలానిదో తేల్చడానికి సాక్ష్యం ఇచ్చింది ఈ బుల్లి గుల్లలే.

ఇక అసలు కథ. 1972లో నైల్స్ ఎల్డ్రెడ్జ్, స్టీఫెన్ జే గూల్డ్ అనే ఇద్దరు అమెరికన్లు డార్విన్ సంజాయిషీ అక్కర్లేదన్నారు. జాతులు చాలా కాలం దాదాపు మారకుండా ఉంటాయి, కొత్త జాతి చీలేటప్పుడు మాత్రం మార్పు గబుక్కున జరుగుతుంది, అందుకే మధ్య మెట్లు దొరకవు అని వాళ్ళ వాదం. పెద్ద దుమారం లేచింది. 1975లో డేవిడా కెలాగ్ అంటార్కిటిక్ సముద్రపు బురదలో ఒక రేడియోలేరియాని (ఇది గాజు గుల్ల కట్టుకునే మరో ప్లవకం) కొలిచి, సుమారు 20 లక్షల ఏళ్ళలో దాని వెడల్పు క్రమంగా పెరిగిందని చూపించింది. డార్విన్ పక్షానికి ఊపిరొచ్చింది.

గూల్డ్ వ్యాసం వచ్చిన 1972లోనే గ్లోమార్ చాలెంజర్ అనే ఓడ హిందూ మహాసముద్రంలో తొంభై డిగ్రీల తూర్పు రేఖాంశం వెంట సాగే పర్వతపంక్తి మీద ఒక బావి తవ్వింది. దాని నంబరు 214. ఆ పంక్తి ఉత్తరపు కొస మన బంగాళాఖాతం బురద కింద కప్పడిపోయి ఉంటుంది. ఆ బావిలోంచి తీసిన గుల్లల్ని మామ్‌గ్రెన్, బెర్గ్రెన్, లోమన్ అనే ముగ్గురు పక్కనించి చూసి, అంచుగీత ఆకారాన్ని అంకెల్లోకి మార్చి, 1983లో ఫలితం ప్రకటించారు. గ్లోబొరొటాలియా ప్లీసియోట్యూమిడా అనే పాత జాతి చాలాకాలం పెద్దగా మారలేదు. తరవాత, సుమారు 56 లక్షల నుంచి 50 లక్షల ఏళ్ళ కిందటి దాకా, ఆరు లక్షల ఏళ్ళలో మెల్లగా ఉబ్బి గ్లోబొరొటాలియా ట్యూమిడా అయింది. లాటిన్‌లో ఆ మాటకి అర్థమే ఉబ్బినది అని. మళ్ళీ పెద్ద మార్పు లేదు. ఈ జాతి ఇప్పటికీ ఉష్ణమండల సముద్రాల్లో బతికే ఉంది. నిలకడ గూల్డ్‌ది, నెమ్మది డార్విన్‌ది. దీనికి "పంక్చువేటెడ్ గ్రాడ్యువలిజం" అని పేరు పెట్టారు. ఇరుపక్షాలకీ కోపం రాకుండా పెళ్ళిపెద్దలు కుదిర్చిన రాజీలా లేదూ!

పాతికేళ్ళకి పైగా ఇది ఆ శాస్త్రంలో పేరుమోసిన ఉదాహరణ. 2009లో పిన్సెలీ హల్, రిచర్డ్ నోరిస్ ఇదే వంశాన్ని మళ్ళీ పట్టుకున్నారు. వాళ్ళు వేసిన ప్రశ్న చిన్నది: ఒక్కో కాలపు గుల్లలు ఒకే గుంపా, రెండు గుంపులు కలిసిపోయినవా?

ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో మనకి తెలిసిన చోట చూద్దాం. మన ఊరి తెలుగు బడిలో పిల్లల భాష సగటు ఏడాదికేడాది మెల్లగా పడిపోతోందనుకోండి. అందరూ తలా కాస్త మరిచిపోతున్నారా? లేక గడగడా మాట్లాడే పిల్లలు తగ్గి, ఒక్క ముక్క రాని పిల్లలు పెరుగుతున్నారా? గ్రాఫులో రెండూ ఒకే గీత. తల్లిదండ్రులకి మాత్రం వేరువేరు కష్టాలు.

ట్యూమిడా విషయంలో హల్, నోరిస్ చెప్పింది రెండో మాట. కొత్త జాతి త్వరగానే చీలింది. పాతదీ కొత్తదీ కొంతకాలం పక్కపక్కనే బతికాయి. కొత్తదాని పాలు పెరిగే కొద్దీ సగటు మెల్లగా జరిగింది. 1983 నాటి గీత అబద్ధమని నేననను. అది సగటు నడిచిన దారి, ఏ ఒక్క గుల్లా నడిచిన దారి కాదు. ఉద్యోగంలో నమూనాకొక అంకె రాసి పంపిన నాకు ఈ తేడా బాగా తెలుసు. చమురు కంపెనీకి ఆ ఒక్క అంకె చాలు, వంశచరిత్రకి చాలదు.

ఇలాంటిదే పాకిడెర్మా అనే ఫోరాం కథ. శంఖాల్లాగే దీనిలోనూ ఎడమచుట్టు, కుడిచుట్టు ఉన్నాయి. చలినీళ్ళలో ఎడమవి ఎక్కువని చూసి, 1959లో డేవిడ్ ఎరిక్సన్ ఆ నిష్పత్తిని పాతకాలపు వాతావరణానికి థర్మామీటరులా వాడవచ్చన్నాడు. థర్మామీటరు బాగానే పనిచేసింది. కాని 2006లో కేట్ డార్లింగ్ బృందం జన్యువుల ఆధారంతో ఎడమవీ కుడివీ అసలు వేరు జాతులని తేల్చి, కుడివాటిని ఇన్‌కాంప్టా అన్న వేరు పేరుతో పిలవాలంది.

ఇప్పుడు సగటు బదులు ఒక్కో గుల్లకీ ఫొటో తీసి దాచే రోజులొచ్చాయి. 2019లో "ఎండ్‌లెస్ ఫోరామ్స్" పేరుతో 34,000కి పైగా ఫొటోలు అందరికీ అందుబాటులో పెట్టారు. అవి ఈనాటి సముద్రాల జాతులే. అయినా ఒక్కో ఫొటోని పలువురు నిపుణులకి చూపించి పేరు అడిగితే, వాళ్ళ మధ్య తగినంత ఏకాభిప్రాయం కుదరనివి పక్కన పెట్టాల్సివచ్చింది.