ఉన్న ఊరు, ఓటున్న ఊరు



కొంతకాలం క్రితం ఓటర్ల జాబితా సవరణకు బూత్ లెవల్ ఆఫీసరు మా ఇంటికి వచ్చింది. పేర్లు ఒక్కొక్కటే చదువుతూ మా అబ్బాయి పేరు దగ్గర ఆగి, "అబ్బాయి ఇక్కడే ఉంటున్నాడా సార్?" అని అడిగింది. నేను నోరు విప్పేలోగానే మా ఇంటావిడ, "ఉండనీయమ్మా, పేరన్నా ఈ ఇంట్లో ఉంటుంది" అన్నది. మావాడు అమెరికా పౌరసత్వం తీసుకొని ఆరేళ్లయింది. సర్వీసంతా ఎన్నికల డ్యూటీలు చేసిన నేను ఆ తల్లి మాటకు వెంటనే బదులు చెప్పలేకపోయాను.

పరాయి చోట ఉన్నవాడికి ఓటు ఎక్కడ ఉండాలి? ఈ ప్రశ్నకు చాలా చరిత్ర ఉన్నది.

మన నంద్యాలకు బయటివారు కొత్త కాదు. 1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాలలో 41 కాంగ్రెసుకు పోగా, జనతా పార్టీకి దక్కిన ఒకే ఒక్క స్థానం నంద్యాల. గెలిచినవారు అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డిగారు. 1991లో గంగుల ప్రతాపరెడ్డిగారు ఖాళీ చేసిన ఇదే స్థానంలో తెలంగాణకు చెందిన ప్రధాని పి.వి. నరసింహారావుగారు నిలబడ్డారు. తెలుగువాడు ప్రధాని అయినాడని తెలుగుదేశం పోటీ పెట్టలేదు. 5 లక్షల 80 వేల పైచిలుకు మెజారిటీ వచ్చింది. ఆ ఉపఎన్నికలో ఆళ్లగడ్డ వైపు ఒక పల్లెలో నేను పోలింగు డ్యూటీలో ఉన్నాను. పి.వి. గారిది ఏ ఊరని ఒక్కరూ అడగలేదు. కానీ జాబితాలో పేరు లేని పక్క ఊరి మనిషి వస్తే మాత్రం ఏజెంట్లందరూ ఒక్కసారిగా లేచారు. చట్టమూ అంతే. లోక్‌సభకు నిలబడేవారికి దేశంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటుంటే చాలు. ఓటు వేసేవాడు మాత్రం ఆ చోట నివాసముండాలి. ఇద్దరూ భారత పౌరులై ఉండటం తప్పనిసరి. రాజ్యాంగం 326వ అధికరణం, 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 16వ సెక్షను చెప్పేది ఇదే.

ఇక మనవారు బయటికి పోయినచోట ఏం జరిగిందో చూద్దాం. 1892లో దాదాభాయి నౌరోజీ లండనులోని ఫిన్స్‌బరీ సెంట్రల్ నుండి బ్రిటిషు పార్లమెంటుకు ఎన్నికైనారు. రెండేళ్లు తిరగకముందే, అదే సామ్రాజ్యంలోని నేటాల్‌లో భారతీయుల ఓటు తీసివేసే బిల్లు వచ్చింది. 1860లో మద్రాసు నుండి మొదటి ఓడ పోయిన నాటి నుండి అక్కడి చెరకు తోటలకు వెళ్లిన కూలీలలో తెలుగువారు ఎందరో ఉన్నారు. 1894లో గాంధీగారు సుమారు 10,000 సంతకాలతో మహజరు పంపించారు. అయినా 1896లో చట్టం వచ్చింది. మీ స్వదేశంలోనే పార్లమెంటు ఓటు లేదు కనుక ఇక్కడా లేదు అన్నది దాని సారాంశం. 1924లో నేటాల్ పురపాలక ఓటు కూడా పోయింది. అక్కడి మనవారు తక్కిన ప్రజలతో సమానంగా ఓటు వేయటానికి 1994 ఏప్రిల్ దాకా ఆగవలసి వచ్చింది.

నాటి బ్రిటనులో నేడు పరిస్థితి వేరు. 1949లో మన దేశం గణతంత్రంగా మారబోతూ కూడా కామన్వెల్తులో కొనసాగటానికి ఒప్పుకున్నది. అందువల్ల చట్టబద్ధంగా అక్కడ నివసించే భారత పౌరుడు తన పాస్‌పోర్టు మార్చుకోకుండానే పార్లమెంటుకూ, స్థానిక కౌన్సిలుకూ ఓటు వేయవచ్చు. మా అమ్మాయి అక్కడికి వెళ్లిన రెండేళ్లకుగాని ఈ సంగతి తెలుసుకోలేదు. స్కాట్లాండు 2020లో, వేల్సు 2021లో చేసిన చట్టాలతో ఇతర దేశాల నివాసులకు కూడా స్థానిక ఓటు ఇచ్చాయి.

అమెరికా దారి వేరు. న్యూయార్కు నగరంలో 2002 వరకు పౌరులు కాని తల్లిదండ్రులు కూడా స్కూలు బోర్డుల ఎన్నికలలో ఓటు వేసేవారు. 2022లో ఆ నగరం చేసిన విస్తృతమైన చట్టాన్ని 2025 మార్చిలో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం కొట్టివేసింది. మేరీల్యాండులోని టకోమా పార్కు వంటి కొన్ని చిన్న పట్టణాలలో స్థానిక ఓటు ఉన్నది. కానీ పౌరులు కానివారు జాతీయ ఎన్నికలలో ఓటు వేయటం 1996 చట్టం ప్రకారం నేరం. దేశం నుండి పంపివేసే ప్రమాదమూ ఉన్నది. డ్రైవింగు లైసెన్సుకు వెళ్లినచోట ఓటరు కాగితం ముందు పెడితే, చదవకుండా సంతకం చేయవద్దని మన పిల్లలకు చెప్పాలి.

మన వైపు ఉదాహరణ వేములవాడ. 2009 నుండి అక్కడ నాలుగుసార్లు శాసనసభకు గెలిచిన చెన్నమనేని రమేశ్ గారి పౌరసత్వంపై ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచి, 2024 డిసెంబరులో ఆయన జర్మనీ పౌరుడేనని తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. వేల ఓట్ల మెజారిటీ కూడా పౌరసత్వపు కాగితానికి బదులు కాలేదు.

కనుక మిత్రులు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పిల్లలు విదేశంలో ఉన్నా భారత పౌరులుగానే ఉంటే, 2010 సవరణ ప్రకారం పాస్‌పోర్టులోని చిరునామాలో ఫారం 6ఏ ద్వారా ఓటు నమోదు చేసుకోవచ్చు. పోలింగు రోజున పాస్‌పోర్టుతో స్వయంగా రావాలి. విదేశీ పౌరసత్వం తీసుకుంటే మాత్రం మన పౌరసత్వం దానంతటదే పోతుంది. ఓసీఐ కార్డున్నా ఓటు లేదు. తెలిసి తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మరునాడు మా అబ్బాయితో ఫోనులో మాట్లాడి, పేరు తొలగింపుకు ఫారం 7 నింపి ఇచ్చాను. మా ఇంటావిడ ఆ పూట నాతో మాట్లాడలేదు. సాయంత్రం అమ్మాయి ఫోను చేసి, తమ వీధి దీపాల గురించి కౌన్సిలరును అడిగి వచ్చానని చెప్పింది. "అయితే ఆ ఊరివాళ్లు దీన్ని మనిషిగా లెక్కేసుకున్నారన్నమాట" అన్నది మా ఆవిడ. కాసేపటికి కాఫీ తెచ్చి నా ముందు పెట్టింది.