పేరులో సముద్రం, వీధిలో ట్యాంకరు

బొమ్మసంద్రలో నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే మాటలు ఎక్కడ మొదలైనా చివరకు నీళ్ళ ట్యాంకరు దగ్గరే ఆగుతాయి. పిలిస్తే రాడు, వస్తే అర్ధరాత్రి వస్తాడు, ధర అడిగితే ఎండాకాలం కదా సార్ అంటాడు. ఈ సణుగుడుకూ ఒక చరిత్ర ఉంది.

సింగసంద్ర, జక్కసంద్ర, బొమ్మసంద్ర - ఈ పేర్లలోని ‘సంద్ర’ సముద్రమే. మన బుక్కరాయసముద్రంలో లాగే ఇక్కడా పెద్ద చెరువును సముద్రమన్నారు. జీవనది లేని ఈ మెట్టసీమలో పూర్వీకులు వాననీటికి కట్ట వేశారు. ఒక చెరువు నిండితే మరవ పారి కింది చెరువుకు నీరు చేరేది. చెరువు నిండితే బావులు ఊరేవి.

1970ల చివర పక్కనే ఎలక్ట్రానిక్ సిటీకి పునాది పడింది. తర్వాత ఫ్యాక్టరీలు, అపార్టుమెంట్లు పెరిగాయి. వాననీరు నడిచిన కాలువల్లో మురుగు నడిచింది. పొరుగున ఉన్న చందాపుర చెరువును కాపాడలేదని 2022 అక్టోబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ కర్ణాటక ప్రభుత్వానికి 500 కోట్ల రూపాయల పరిహారం విధించింది.

2025 ఆగస్టులో ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్రకు 19 కిలోమీటర్ల మెట్రో వచ్చింది. హోసూరు రోడ్డు మీది విసుగుకు ఒక దారి దొరికింది. నీటికి అలాంటి పట్టాలు వేయలేము.

బ్యాంకు భాషలో చెప్పాలంటే చెరువు అసలు, బావినీరు వడ్డీ. అసలు పోగొట్టుకుని, వడ్డీ రాలేదని ట్యాంకరువాణ్ణి తిడితే ఏం లాభం? మన అపార్టుమెంటు మురుగు ఏ చెరువులో కలుస్తోందో ముందు అడుగుదాం.